నిమిషమంటే నిమిషమే

నేను ఒక స్టాప్‌వాచ్‌ని. చేతిగడియారానికీ గోడగడియారానికీ నాకూ చుట్టరికం ఉందిగాని, పోలిక లేదు. వాళ్ళు ఎవరు చూసినా చూడకపోయినా తిరుగుతూనే ఉంటారు. నాకలా కుదరదు. ఎవరికో ఒకరికి కంగారు పుట్టాలి, వాళ్ళ బొటనవేలు నా నెత్తిమీది బొడిపెను నొక్కాలి, అప్పుడుగాని నా గుండె కొట్టుకోదు. రెండోసారి నొక్కితే ఆగుతుంది. మూడోసారి నొక్కితే నా ముల్లు మొదటికొచ్చి, అంతవరకూ జరిగినదేదీ జరగనట్టు బుద్ధిగా నిలబడుతుంది. ఈ మూడో సౌకర్యం మనుషులకు లేదు. నన్ను అంత ఇష్టంగా చేతిలో పట్టుకోవడానికి అదే కారణమని నా అనుమానం.

పుట్టింది స్విట్జర్లాండులో, చలికి కిటికీలు తెరవని ఒక పొడవాటి హాల్లో. నా రకం గడియారాలకు ఒక విశేషం ఉంది. పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగితే ముప్పై సెకన్లు. నిమిషం కాదు, అర నిమిషం. పరుగుపందేల కోసం చేసినవాళ్ళం మేము. వంద మీటర్లు పరిగెత్తేవాడికి నిమిషంతో పనేముంది? ముల్లు వడిగా తిరిగితే సెకనులో పదో వంతు కూడా విడిగా కనబడుతుంది. ఈ సంగతి మీకు ముందే చెప్పేస్తున్నాను. నా కథలో మిగతావాళ్ళకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది; మీరైనా నాతోపాటు భయపడతారని.

విశాఖపట్నంలో నా మొదటి యజమాని డేనియల్ మాస్టారు, ఒక బడిలో డ్రిల్లు నేర్పేవాడు. ఓడిపోయిన ప్రతి కుర్రాడూ గడియారంలో తేడా ఉందన్నాడు. గెలిచినవాడు ఒక్కడూ అనలేదు. మాస్టారి తరవాత ఆయన తమ్ముడి దగ్గరికొచ్చాను. ఆయన హోమియో డాక్టరు. రోగి నాడి పట్టుకుని నా ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా లెక్కపెట్టి, దాన్ని రెట్టింపు చేసుకునేవాడు. ఆయనకు నా సంగతి తెలుసు. తెలిసినవాళ్ళ చేతిలో నేనెప్పుడూ తప్పు చెయ్యలేదు.

ఒకనాడు డాక్టరుగారి చేతిలోంచి జారి నీళ్ళ బకెట్లో పడ్డాను. పాత ఊళ్ళో గడియారాలు బాగుచేసే ఖలందర్ సాహెబు నన్ను విప్పి, ఆరబెట్టి, ముఖానికి పట్టిన తుప్పు మరకలు ఏదో మందుతో తుడిచాడు. మరకలతోపాటు అంకెలూ పోయాయి. అయిదు, పది, పదిహేను, పైన ముప్పై, అన్నీ. నిమిషాలు లెక్కపెట్టే చిన్న ముల్లు ఊడి అతని చాపకింద ఎక్కడో పడింది, మళ్ళీ దొరకలేదు. బోసి గీతలతో మిగిలాను. అంకెలున్నంతకాలం నేను చెప్పాల్సింది అవే చెప్పేవి. అవి పోయాక నన్ను చూసేవాడి నమ్మకమే నా అంకె. డాక్టరుగారు నాకోసం మళ్ళీ రాలేదు. అద్దాల పెట్టెలో చాలా ఏళ్ళు పడుకున్నాను.

అప్పుడొచ్చింది మందాకిని.

నలభై ఎనిమిదేళ్ళ మనిషి. జంతుశాస్త్రంలో బి.ఎస్సీ. చదివి, ఆ చదువును పాతికేళ్ళుగా బొద్దింకల మీద మాత్రమే ప్రయోగిస్తున్న గృహిణి. ఆవిడకొక అలవాటు ఉంది. ఎక్కడ ఏ విడ్డూరం చదివినా రోజూ చింపే క్యాలెండరు కాగితం వెనక రాసి, ఖాళీ అయిన ఆవకాయ జాడీలో వేసేది. భోజనాల దగ్గర "ఆక్టోపస్‌కి మూడు గుండెలు తెలుసా?" అంటే, భర్త శేషగిరి "ఆ ఉప్పు ఇలా అందుకో" అనేవాడు. జాడీ నిండింది. వినేవాళ్ళు లేరు.

బీచ్ రోడ్డులో రెండో అంతస్తున 'లంగరు' అని ఒక పబ్బు ఉంది. దాని యజమాని విల్సన్, బుధవారాలు జనం రావడం లేదని సాయంత్రంపూట క్విజ్ పెట్టాడు. శేషగిరి ఆఫీసు విందు అక్కడే జరిగింది. ఆ రోజు క్విజ్ నడుపుతున్న కుర్రాణ్ణి మందాకిని మూలనుంచి మూడుసార్లు దిద్దింది. అరటిపండు వృక్షశాస్త్రం లెక్కన బెర్రీ అనీ, స్ట్రాబెర్రీ మాత్రం కాదనీ చెప్పేసరికి ఆ కుర్రాడు మైకు ఆవిడ చేతికిచ్చి కిందకు దిగిపోయాడు. మళ్ళీ ఎక్కలేదు.

"పబ్బులో నీకేం పని?" అన్నాడు శేషగిరి.

"ప్రశ్నలడుగుతాను. ఇంట్లో అడిగితే జవాబులు రావట్లేదుగా."

విల్సన్ కింద బోర్డు పెట్టించాడు: 'బుధవారం విడ్డూరాలు, సాయంత్రం ఏడు గంటలకు.' మందాకిని మొదటి నియమం పెట్టింది. లోపలికి రాగానే ఫోన్లన్నీ వెదురుబుట్టలో వెయ్యాలి. ఈ కాలపు చేతిగడియారాలు కూడా జవాబులు చెబుతాయి కనక అవీ బుట్టలోకే. అందరికంటే ముందు తన ఫోను తనే వేసేది. ఆ బుట్టకు పైన గుడ్డ కప్పేవారు. ఇక విల్సన్ సంగతి. టైము చూసుకున్నవాడు ఇంటికి పోతాడని పబ్బులో గడియారమన్నది పెట్టనే లేదు. అందుకే ఆవిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"నడుస్తుందా?" అని అడిగింది ఖలందర్ సాహెబుని.

"గుర్రంలా నడుస్తుందమ్మా."

అంతే. ఊరంతటినీ ప్రశ్నలడగడానికి బయల్దేరిన మనిషి, అడగాల్సిన చోట ఒక్కటే అడిగి, నన్ను చేతిసంచిలో వేసుకుంది. ముల్లు చుట్టు తిరిగితే నిమిషం అని చిన్నప్పుడు ఎవరో నేర్పి ఉంటారు. దాన్ని అనుమానించే అవసరం ఎవరికొస్తుంది?

మొదటి బుధవారం నాకు చెమటలు పట్టాయి. ఇనుముకి చెమట పట్టదంటారు. అది మందాకిని అరచేతిది. మైకులో, "ప్రతి ప్రశ్నకీ ఒక నిమిషం. నిమిషమంటే నిమిషమే. సగం రాసిన జవాబుకి సున్నా" అని ప్రకటించి, నన్ను నొక్కింది. ఒక చుట్టు తిరిగాను. "టైమైపోయింది!" అంది. ఇరవై బల్లల దగ్గర ఉస్సురన్నారు. "నిమిషం ఇంత పొట్టిదా మేడమ్!" అన్నాడొకడు. "మాట్లాడుకుంటూ కూచుంటే పొట్టిదే. పప్పు పొంగుతుంటే చూడు, ఎంత పొడుగో" అంది మందాకిని. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆగండమ్మా, ఇంకొక చుట్టుంది అని అరవాలనిపించింది. నాకున్నది టిక్‌టిక్ ఒక్కటే. ఎంత భయపడ్డా అంతే చప్పుడు, ఎంత సంతోషించినా అంతే.

వారం వారం జనం పెరిగారు. వేగం నచ్చింది వాళ్ళకు. 'సొరచేపలు' అని పేరు పెట్టుకున్న నలుగురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు ఆలోచించకుండా రాసేవారు, అందుకని గెలిచేవారు. మిరియం, మిరపకాయ, ఈ రెంటిలో మన దేశపుది కానిదేది అని అడిగిన రోజున జవాబు మిరపకాయ అంటే హాలంతా లేచింది. అయిదారు వందల ఏళ్ళ కిందట ఆంధ్రుడన్నవాడు కారానికి మిరియం కొరుక్కున్నాడంటే ఒప్పుకోలేక ఒక పెద్దమనిషి మూడు సోడాలు తాగాడు. మందాకిని ముఖం ఆ రోజు వెలిగిపోయింది. ఆవకాయ జాడీలోంచి వచ్చిన ఒక కాగితానికి ఇంతమంది పోట్లాడుకోవడం ఆవిడ పాతికేళ్ళలో చూడలేదు. ఆవిడ సంతోషం చూసేకొద్దీ నాకు భయం ఎక్కువైంది. ఏదో ఒక నాడు నన్ను పట్టుకునేవాడు వస్తాడు. అప్పుడు ఈ ముఖం ఏమవుతుంది?

వచ్చాడు. కాని నన్ను పట్టుకోలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

సూరపనాయుడుగారికి డెబ్బై రెండేళ్ళు. ఎదురు వీధిలో కాపురం. సాయంత్రం నడకకు వచ్చి, బోర్డు చదివి, భార్య నూకరత్నాన్ని వెంటబెట్టుకుని మెట్లెక్కాడు. ఆవిడ గుమ్మంలో వాసనకి కొంగు ముక్కుకడ్డం పెట్టుకుంది. వేయించిన చేపముక్కలు వచ్చాక కొంగు తీసింది. నాయుడుగారు ముప్పై నాలుగేళ్ళు లైట్‌హౌస్‌లో పనిచేశాడు. దీపం మెరుపుకీ మెరుపుకీ మధ్య ఎన్ని సెకన్లో ప్రతి లైట్‌హౌస్‌కీ వేరుగా ఉంటుందట, దాన్నిబట్టే ఓడలవాళ్ళు ఏ ఊరో పోల్చుకుంటారట. ఆ సెకన్లను మోకాలిమీద వేలితో తట్టుకుంటూ లెక్కపెట్టడం ఆయనకు ఊపిరితోపాటు అలవాటైంది. కీ ఇచ్చే పాత చేతిగడియారం ఉండేది. నియమం నియమమే కనక దాన్ని విప్పి, తుడిచి, బుట్టలో పెట్టేవాడు. ఆ హాల్లో నన్ను నిలదీయగల ఏకైక సాక్షి ప్రతి బుధవారం అలా గుడ్డకింద నిద్రపోయేది.

ఆయనకు చాలా తెలుసు. కాని అక్షరాలు ముత్యాల్లా, నిదానంగా రాస్తాడు. ముందు తనలో తాను జవాబుని నాలుగువైపులా చూసుకుని, అప్పుడు కలం మూత తీస్తాడు. ఆయన కలం కాగితాన్ని తాకేవేళకు నేను చుట్టు పూర్తి చేసేవాణ్ణి. ప్రతిసారీ ఉలిక్కిపడి తలెత్తేవాడు. మోకాలిమీద వేలు ఇంకా తడుతూనే ఉండేది. ఆ వేలు ముప్పై దగ్గర ఉందని నాకు తెలుసు, ఆయనకు తెలుసు. మందాకినికి తెలియదు.

పదకొండో బుధవారం అడిగిన ప్రశ్న: గంట కూడా పట్టకుండా ముగిసిన యుద్ధం బ్రిటిష్‌వాళ్ళకీ ఏ రాజ్యానికీ మధ్య జరిగింది? టైమైపోయిందన్నాక మందాకిని చీటీలు చదువుతూ నాయుడుగారిది తీసింది. అందులో ఒకే అక్షరం ఉంది.

"జాం!" అని చదివింది మైకులో. "నాయుడుగారికి జాం కావాలట. విల్సన్, బ్రెడ్డు కూడా పంపించు!"

హాలు గొల్లుమంది. సొరచేపలు బల్లలు చరిచారు. నాయుడుగారు కూడా నవ్వాడు. జవాబు జాంజిబార్ అని మందాకిని చెప్పినప్పుడు నవ్వుతూనే తలూపాడు.

పోటీ అయ్యాక బుట్టలోంచి గడియారం తీసుకుని ఆవిడ దగ్గరికొచ్చాడు. "అమ్మా, ఒక్క మాట. అది... నిమిషమే కదూ?"

"స్విస్ సరుకండీ!" అని నన్ను ఆయన ముఖానికెదురుగా ఊపింది. "మనకుంటుందిగాని, యంత్రానికి మతిమరుపు ఉండదు కదా నాయుడుగారూ."

సరదాగానే అంది. ఆయన నా వైపు చూశాడు. అంకెల్లేని నా ముఖంలో తను వెతుకుతున్నది దొరకలేదు. "ఉండదమ్మా. యంత్రానికెందుకుంటుంది" అని మెల్లగా మెట్లు దిగాడు. పన్నెండో బుధవారం ఆ బల్ల ఖాళీగా ఉంది. పదమూడోదీ అంతే.

ఆ తరవాతి మంగళవారం పొద్దున రైతుబజారులో, వంకాయల దగ్గర, నూకరత్నం కనబడింది. నేను మందాకిని సంచిలో కొత్తిమీర పక్కన ఉన్నాను.

"ఏం పిన్నిగారూ, మమ్మల్ని మరిచిపోయారా?"

"ఆ మాట అనకమ్మా తల్లీ. ఇంట్లో ఇప్పుడు ఆ మాటంటేనే బయ్యం." ఆవిడ వంకాయని వేలితో నొక్కి, పక్కన పెట్టేసింది. "ఆయనకి బుర్ర పాడైపోనాదంట. ఆయనే సెప్తన్నాడు."

"అదేమిటి! నిక్షేపంలా ఉన్నారు కదా!"

"నానూ అదే అన్నాను. ఇంతేనా? 'నా లెక్కలో ముప్పై అయ్యేతలికి అక్కడ నిమిషం అయిపోతంది రత్నం. సగం కాలం ఎక్కడో జారిపోతంది. మా అన్నకీ ఇలాగే మొదలయ్యింది' అంతాడు. ఆళ్ళన్న ఆకరికి కట్టుకున్న పెళ్ళాన్ని పట్టుకుని ఎవరమ్మా నువ్వు అన్నాడు. నాను సూశాను కదా."

సంచి పట్టుకున్న చెయ్యి బిగిసింది. కొత్తిమీర నామీద నలిగింది.

"టీ పెట్టడం మానేశాడు, గేసు కట్టడం మర్సిపోతాడంట. అది పోనీ. నా సుగరుకి రెండుపూటలా సూదిమందు పదేళ్ళబట్టి ఆయనే కదా ఏస్తాడు! ఇప్పుడు ముట్టుకోడు. 'ఏసింది మర్సిపోయి మళ్ళీ ఏసీస్తే నువ్వుంటావా' అంతాడు. కిందవాటాలో నర్సుపిల్ల ఏస్తంది. అది ఈ నెలాకరికి ఎల్లిపోతంది. నాకు సూది సూస్తేనే కళ్ళు తిరిగిపోతాయి. ఏటి సెయ్యమంతావు?"

మందాకిని ఇంటికొచ్చి వంకాయలు కోస్తూ కోస్తూ రెండుసార్లు కత్తి ఆపింది. బ్రెడ్డు కూడా పంపించు అన్న మాట ఆవిడ చెవుల్లో తిరుగుతోందని, శేషగిరితో "అంత మాట ఎందుకన్నానండీ" అన్నప్పుడు నాకు తెలిసింది. "ఏ మాట?" అన్నాడాయన. ఆవిడ మళ్ళీ వంకాయ అందుకుంది. నాయుడుగారికి ఒక నిమిషం సాధన చేయిస్తే ధైర్యం వస్తుందేమోనని ఒక ఆలోచన వచ్చింది. నాలుగు గంటలకు నన్ను పట్టుకుని వాళ్ళింటికి బయల్దేరింది. ధైర్యం ఇవ్వడానికి నన్ను తీసుకెళ్ళడం! దారి పొడుగునా నా లోపలి స్ప్రింగు తెగిపోతే బాగుండుననుకున్నాను.

నాయుడుగారు కిటికీ పక్కన పడక్కుర్చీలో ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. ఆదివారం తలకాయ ఫోటో తీయించుకోవడానికి వెళ్తున్నానని చెప్పాడు, తీర్థయాత్ర సంగతి చెప్పినట్టు.

"ఒక ఆట ఆడదాం" అంది మందాకిని. "కళ్ళు మూసుకోండి. మీ లెక్కలో అరవై అయ్యాక చెయ్యెత్తండి. కొంచెం తేడా ఉంటే ఉంటుంది, దానికేం? అందరికీ ఉంటుంది."

"ఎందుకమ్మా, ఉన్నది తెలిసిపోతుంది."

"నా కోసం."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. వేలు మోకాలిమీదికి వెళ్ళింది. మందాకిని నన్ను నొక్కింది.

పందేల్లో వందలసార్లు తిరిగాను. అప్పుడు తిరిగినంత భయంగా ఎప్పుడూ తిరగలేదు. ఒక చుట్టు అయింది. ఆయన చెయ్యి కదల్లేదు. మందాకిని ముఖం పాలిపోయింది; నిజంగానే ఈయనకేదో అయిందని ఆవిడ అప్పుడే మొదటిసారి నమ్మింది. నేను తిరుగుతూనే ఉన్నాను. పావు, సగం, ముప్పావు. గుమ్మంలో నూకరత్నం చెంగు నోట్లో కుక్కుకుంది. నా ముల్లు రెండోసారి పైకొచ్చి గీతను తాకింది. సరిగ్గా అప్పుడు ఆయన చెయ్యి లేచింది.

"తేడా చాలా ఉందా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

మందాకిని నా ముల్లు మొదటికి తెచ్చింది. "ఇంకొక్కసారి" అంది. మళ్ళీ అంతే. రెండు చుట్లు, వెంట్రుకవాసి తేడా లేదు. మూడోసారీ అంతే. జారిపోయే బుర్ర ఒకసారి ఇటూ ఒకసారి అటూ జారుతుంది; మూడుసార్లూ ఒకే గీతమీద ఎందుకు నిలబడుతుంది? ఆవిడ జంతుశాస్త్రం పాతికేళ్ళ తరవాత అప్పుడు లేచింది. గోడగడియారం కిందికి వెళ్ళి, సెకన్ల ముల్లు పన్నెండుమీదికి రాగానే నన్ను నొక్కింది. అది ఆరు దగ్గరికి చేరేసరికి నా చుట్టు పూర్తయింది.

నన్ను పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. బొటనవేలు నా బొడిపెను రాస్తోంది. ఆ రాపిడిలో ఒక లెక్క నడుస్తోంది. రేపటినుంచి చప్పుడు చెయ్యకుండా రెండు చుట్లు తిప్పేస్తే? నాయుడుగారికి జవాబులన్నీ అందుతాయి, చూశారా తేరుకున్నారు అనొచ్చు. ఎవరికీ తెలియదు. అర నిమిషాన్ని నిమిషమని పదమూడు వారాలు మైకులో దబాయించిన మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. వేలు ఆగింది. తరవాత ఆవిడ తిరిగింది.

"నాయుడుగారూ, మీకేం కాలేదు. తప్పు నాది. దీని చుట్టు అర నిమిషమే. నేను చూసుకోలేదు."

ఆయన నవ్వాడు, ఎంత దయగా నవ్వాడంటే దానికంటే తిట్టినా బాగుండును. "మీ మనసు మంచిదమ్మా. ముసలాణ్ణి ఊరుకోబెట్టడానికి స్విస్ గడియారంమీద నింద వెయ్యకండి."

"నేను నిజం..."

"యంత్రం తప్పు చెప్పదు. మీరే అన్నారు."

తన మాట తనకే ఎదురొచ్చి అడ్డంగా నిలబడితే మందాకిని నన్ను ఆయన ఒళ్ళో పెట్టింది. "నన్ను నమ్మొద్దు. మీ గడియారం తీసి చూడండి."

ఆయన మర్యాద కోసం అన్నట్టు చేతిగడియారం విప్పాడు. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టాడు. ఒకసారి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మూడోసారి నన్ను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆ చెవికి నేను చెప్పగలిగినదంతా చెప్పాను.

"ఇన్ని వారాలు" అన్నాడు చివరికి. "జాంజిబార్ నాకు తెలుసు."

"తెలుసు" అంది మందాకిని.

"ఓలమ్మో!" నూకరత్నం అరుపు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. "ఈ బోడి డబ్బీ కోసరమా నా మొగుడు గెడ్డం గీసుకోడం మానేశాడు! దీన్ని సముద్రంలో గిరాటెయ్యండి! సదువుకున్నోళ్ళు ఇద్దరూ కూకుని దీన్ని నమ్మేరు!"

నాకు అవమానమనిపించలేదు. ఆవిడ తిట్టినవాటిలో తప్పేమీ కనబడలేదు.

"మరి పిన్నిగారికి సూది..." అని మందాకిని మొదలుపెట్టింది. నాయుడుగారి ముఖం మళ్ళీ ముడుచుకుంది. "చూద్దామమ్మా. తలలోకి ఒకసారి దూరిన అనుమానం గడియారం చూపిస్తే పోతుందా?" అన్నాడు.

బుధవారం ఆరున్నరకి విల్సన్‌కి సంగతి చెబితే తల పట్టుకున్నాడు. "మేడమ్, మీకు దణ్ణం పెడతాను, చెప్పకండి. రెండు చుట్లు తిప్పేయండి, అంతే. ఎవడికి తెలుస్తుంది? తెలిస్తే ఇదంతా మోసమంటారు."

"ఒకాయనకి తన బుర్రమీద నమ్మకం పోయింది విల్సన్. నీ బల్లల దగ్గరే పోయింది. ఇక్కడే చెప్పాలి."

ఏడయింది. నాయుడుగారి బల్ల ఖాళీ. మందాకిని మైకు తీసుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. నన్ను పైకెత్తి చూపించింది. నవ్వు కోసం ఒక్క మాట కలపలేదు; ఆవిడ అలా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. "నాయుడుగారిమీద జోకు వేశాను. ఆయన జవాబు సరైనదే. నా నిమిషమే తప్పు."

ఆ తరవాత అన్ని బల్లలూ ఒక్కసారి లేచాయి. పదమూడు వారాలూ మళ్ళీ పెట్టాలని ఒకరు, చీటీలు మళ్ళీ దిద్దాలని ఒకరు. మిరపకాయ పెద్దమనిషి, "అయితే మిరపకాయ కూడా మనదేనేమో చూడండి!" అన్నాడు ఆశగా. సొరచేపల్లో ఒకడు కుర్చీ ఎక్కి, "అరనిమిషంలో గెలిచామంటే మేం డబల్ మేధావులం మేడమ్! థాంక్స్!" అని కేకేశాడు. ఆవిడ అన్నీ విని నిలబడింది. కళ్ళు మాత్రం మెట్లవైపే ఉన్నాయి. ఏడూ పది. ఏడుంపావు. మొదటి ప్రశ్న అడగకుండా కాగితాలు సర్దింది, విప్పింది, మళ్ళీ సర్దింది.

ఏడూ ఇరవైకి గుమ్మంలో నూకరత్నం ప్రత్యక్షమైంది. వెనక నాయుడుగారు, నున్నటి గడ్డంతో.

"ఆలీసెమయిపోనాదమ్మా!" అని ఇరవై బల్లలూ దాటించి అరిచింది ఆవిడ. "సూది ఈయనే ఏశాడు! గోడమీద బొగ్గుతో గీత ఎట్టుకున్నాడు, ఏసినట్టు గుర్తు. అయినా అరగంట సేపు సీసా ఎలుతురులో ఎట్టి సూసుకుంటన్నాడు, నాను ఆకలికి సచ్చిపోతన్నాను! సేపముక్కలేవీ?"

చేపముక్కలు వచ్చాయి. నాయుడుగారు గడియారం విప్పబోయాడు. "మీది ఉంచుకోండి" అంది మందాకిని. ఆయన ఒప్పుకోలేదు. తుడిచి బుట్టలోనే పెట్టాడు.

మొదటి ప్రశ్న: ఆస్ట్రేలియాలో పాచికల్లాంటి పలకల పెంటికలు వేసే జంతువు ఏది? మందాకిని నన్ను నొక్కింది. మొదటి చుట్టంతా జనం ఒకరి ముఖాలొకరు చూసుకుని కిసకిస నవ్వారు. రెండో చుట్టు మొదలయ్యేసరికి హాలు మారిపోయింది. అలవాటులేని ఆ అర నిమిషంలో ఏం చెయ్యాలో తోచక అందరూ ఆలోచించారు. నాయుడుగారు కలం మూత తీశాడు. కాగితాన్ని చూశాడు. వేలు మోకాలిమీద తడుతోంది. నలభై. యాభై. మందాకిని ఊపిరి నామీద తగులుతోంది. ఆయన కలం కింద పెట్టేశాడు.

"తెలీదు!" అన్నాడు గట్టిగా.

మందాకిని మైకు దించి రెండడుగులు ముందుకేసింది. "నాయుడుగారూ..."

"మరిచిపోలేదమ్మా. నాకు అసలు తెలీదు! పుట్టి ఎప్పుడూ వినలేదు!" ఆయన నవ్వుతూంటే కళ్ళజోడు జారి చేపముక్కల్లో పడింది. "ఏ జంతువమ్మా అది?"

"వాంబాట్" అంది మందాకిని, కళ్ళు తుడుచుకుంటూ.

"తెలీనందుకు ఈ సంబరమేటి మావా!" అంది నూకరత్నం.

ఆ మరుసటి వారం విల్సన్ ఎర్ర అంకెల డబ్బా గడియారం ఒకటి కొన్నాడు. నన్ను కౌంటరు వెనక అద్దాల బీరువాలో, తెరవని రెండు విదేశీ సీసాల మధ్య నిలబెట్టాడు. నాకు కీ ఇచ్చి ఏడాది దాటింది. వచ్చినవాళ్ళు నన్ను చూపించి కథ చెప్పుకుంటారు; చెప్పేకొద్దీ పదమూడు వారాలు ఇరవై అయ్యాయి, జాం సీసా కూడా వచ్చి చేరింది. నేను దిద్దను. అది ఇప్పుడు ఆ ఎర్ర అంకెలవాడి పని.

కంగారు మాత్రం పోలేదు. బుధవారం ఏడవుతుంది. బుట్టమీద గుడ్డ కప్పుతారు. మందాకిని మైకు పట్టుకుని మొదటి ప్రశ్న అడగకుండా కాగితాలు సర్దుతూ నిలబడుతుంది. ఏడూ అయిదు. ఏడూ పది. ఆవిడా నేనూ ఒకవైపే చూస్తూంటాం. డెబ్బై మూడేళ్ళ మనిషి, ఎప్పుడేమవుతుందో ఎవరికి తెలుసు? ముల్లు కదలకుండా లెక్కపెట్టడం నేనిప్పుడు నేర్చుకున్నాను. ఏడూ పన్నెండు. పదమూడు.

మెట్లమీద చెప్పుల చప్పుడు. రెండు జతలు.